ఓడ బిళ్ళ దొరికిన చోటు

మొన్న మా అల్లుడు నా పుట్టినరోజుకని కొరియర్లో ఒక నాణెం పంపించాడు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, ఏ రాజుగారి కాలందో, ఏ లోహమో, బరువెంతో, ఎంత అరిగిందో అచ్చువేసిన చీటీ పెట్టి, చేత్తో తాకే వీలు లేకుండా నాలుగు వైపులా అతికించేసి ఉంది. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. అన్నీ రాశారు గాని, అది ఎక్కడ దొరికిందో మాత్రం రాయలేదు. ఫోన్ చేసి అడిగితే, ఆన్‌లైన్‌లో దొరికింది మామయ్యా అన్నాడు. అతను చెప్పింది నిజమే, అబద్ధమాడే మనిషి కాదు. నేను అడిగింది అది కాదని అతనికి ఎలా చెప్పాలో తెలియక, బాగుంది నాయనా అని ఫోన్ పెట్టేశాను.

పాత నాణేల పిచ్చి ఉన్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, అందులోనూ నా వయసు వాళ్ళయితే, నా బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. మా రోజుల్లో ఒకరి దగ్గర కొత్త నాణెం కనిపిస్తే, ఎంతకి కొన్నావని అడగడం మర్యాద కాదు, ఏ రాజుదని అడిగితే మనకేమీ తెలియదని తేలిపోతుంది. అడగాల్సిన మాట ఒక్కటే, ఎక్కడ దొరికింది అని. దానికి వచ్చే జవాబు చాలాసార్లు అబద్ధమే అయ్యేది. చేపలు పడే మడుగు పక్కవాడికి ఎవరు చూపిస్తారు చెప్పండి. అయినా అడిగేవాళ్ళం, అవతలివాళ్ళు ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా అబద్ధం చెప్పేవాళ్ళు, మేము నమ్మినట్టు తల ఊపేవాళ్ళం. అదంతా ఆటలో భాగం.

నాకు ఈ పిచ్చి అంటించినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా నాన్న. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా ఉద్యోగమంతా తుమ్ముతూనే గడిపి, రిటైరయ్యాక కూడా జేబులో రెండు రుమాళ్ళు లేకుండా బయటికి వెళ్ళని మనిషి. రెండోవారు మా అమ్మకు అన్నగారు, నాకు మేనమామ, సత్తెనపల్లిలో డ్రాయింగు మాస్టారు. నాకు టెలిఫోన్ శాఖలో లైన్ల పని, ఆ సత్తెనపల్లిలోనే. తొంభైల చివర ఊళ్ళో ప్రతివాళ్ళూ ఫోన్ పెట్టించుకుంటున్న కాలం కాబట్టి, నిచ్చెన భుజాన వేసుకుని నేను అడుగుపెట్టని ఇల్లు లేదు. నాన్నా మామయ్యా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. ఆ చుట్టరికం మా అమ్మ వల్ల వచ్చిందే అయినా, నిలబడింది మాత్రం రాగి బిళ్ళల మీదేనని అమ్మ నవ్వుతూ దెప్పేది. అలాంటి ఇద్దరి మధ్య గోరంత సీసపు బిళ్ళ ఒకటి వచ్చి కూర్చుని, ఏళ్ళ తరబడి కదలలేదు. అది చివరికి ఎలా కదిలిందో చెబుదామనే ఇదంతా మొదలుపెట్టాను. కానీ అంతకుముందు మేము తిరిగిన చోట్లు చెప్పకపోతే ఆ బిళ్ళ సంగతి అర్థం కాదు.

ఆదివారం వస్తే నాన్న గుంటూరు నుంచి మొదటి బస్సుకు సత్తెనపల్లి వచ్చేసేవాడు. అక్కడి నుంచి మామయ్య స్కూటరు మీద వాళ్ళిద్దరూ, వెనక నా లూనా మీద నేనూ. తొలకరి రోజులైతే దారి అమరావతి వైపే. ఎండాకాలమంతా నోరు తెరుచుకుని పడి ఉన్న నల్లరేగడి మీద మొదటి వాన గట్టిగా పడిందంటే, పైమట్టి కొట్టుకుపోయి, లోపల ఎన్ని తరాలుగానో పడి ఉన్నవన్నీ పైకి తేలతాయి. పూసలు, పెంకులు, శంఖం గాజుల ముక్కలు, వాటి మధ్య అదృష్టముంటే సీసపు నాణేలు. వాన వెలిసిన మర్నాడు, ఇంకా అరక కట్టకముందే వెళ్ళాలి. రైతుకు చెప్పి, గట్టు మీద చెప్పులు విడిచి, పోయినేటి పత్తి మోళ్ళ మధ్య నడుం వంచి, సూర్యుడు ఎదురుగా ఉండేటట్టు నడవాలి. సీసం బురదలో కలిసిపోయే రంగు కాబట్టి, మెరుపు కోసం చూసేవాడికి అది ఎప్పటికీ కనపడదు. గుండ్రంగా ఉన్నదాని కోసం చూడాలి. మట్టిగడ్డ ఏదీ అంత గుండ్రంగా ఉండదు. ఇది మామయ్య చెప్పిన పాఠం. ఇలా దొరికినవాటిని సర్కారుకు తెలియజేయాలని ఒక చట్టం ఉందని మాకు చాలాకాలం తెలియనే తెలియదు, తెలిసినవాళ్ళు చెప్పనూ లేదు. ఆ ఊళ్ళవాళ్ళకి వాటి మీద పెద్ద మమకారమూ ఉండేది కాదు. కృష్ణలో వల వేసేవాళ్ళు బరువు కోసం వాటిని కరిగించి గుళ్ళు పోసుకునేవాళ్ళు, మిగిలినవి పిల్లలు బిళ్ళాటకు వాడేవాళ్ళు.

వానల్లేని రోజుల్లో గుంటూరులో పాత ఇత్తడి సామాన్లు తూకానికి కొనే కొట్ల చుట్టూ తిరిగేవాళ్ళం. చిల్లు కాణీలు, అర్ధణాలు సొట్టపోయిన చెంబులతో, విరిగిన దీపపు కుందులతో పాటే ఒకే గోనెలో వచ్చేవి. ఆ గోనె కింద పోసినప్పుడు వచ్చే చప్పుడును బట్టే అందులో నాణేలున్నాయో లేదో నాన్న చెప్పేసేవాడు. కంసాలి దగ్గరికి వెళ్ళడం మాత్రం నాకు ఇష్టం ఉండేది కాదు. ఏ పాప కాళ్ళ పట్టీల కోసమో వెండి రూపాయలు మూసలో పడి, రాజుగారి ముక్కూ మూతీ ముందు మెత్తబడి, తర్వాత అన్నీ కలిసి ఒక ముద్దయిపోవడం కళ్ళ ముందు చూడాల్సి వచ్చేది. ఇక తిరునాళ్ళు. కోటప్పకొండ ప్రభల కింద గోనెపట్టా పరుచుకుని, రాముడి పట్టాభిషేకం బొమ్మ ఉన్న ఇత్తడి బిళ్ళలు త్రేతాయుగం నాటివని అమ్మేవాళ్ళతో మామయ్య ప్రతి ఏడూ పోట్లాట పెట్టుకునేవాడు. త్రేతాయుగంలో నాగరి లిపి ఎవడు నేర్పాడయ్యా అనేది ఆయన ప్రశ్న. వాళ్ళు మాత్రం ప్రతి ఏడూ ఆయన్ని చూసి నవ్వి, పక్కకు జరిగి కూర్చోమనేవాళ్ళు.

అయితే ఎవరైనా ఇంటికొచ్చి ఆల్బమ్ చూసి, ఇది ఎక్కడ దొరికింది మాస్టారూ అని అడిగితే, మామయ్య జవాబు ఎప్పుడూ ఒకటే, పిడుగురాళ్ళ. అమరావతి చేలో దొరికినా పిడుగురాళ్ళే, గుంటూరు కొట్లో దొరికినా పిడుగురాళ్ళే. ఆ మాట నమ్మి సున్నపు బట్టీల మధ్య ఎండలో తిరిగి, తలా మీసాలూ తెల్లబడి తిరిగొచ్చిన నాణేల పిచ్చివాళ్ళు మా జిల్లాలో చాలామందే ఉండి ఉంటారు. నిజమైన చోటు ఆయన చెప్పింది ఒక్క మా నాన్నకే. నాన్న కూడా అంతే, దొరికిన చోటు నాకంటే ముందు ఆయనకే చెప్పేవాడు.

చోట్ల గురించి చెబుతూ దూదేకుల బాబాయిని మర్చిపోతే పాపం తగులుతుంది. సత్తెనపల్లిలో మామయ్య ఇంటి వెనక వీధిలో పరుపులు కుట్టే కొట్టు ఆయనది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని బాబాయి అనే పిలిచాం. మా వైపు పత్తి పండని ఊరు లేదు, పత్తి పరుపు లేని ఇల్లూ ఉండేది కాదు. మూడు నాలుగేళ్ళకోసారి పరుపులూ దిండ్లూ అణిగిపోయి రాళ్ళలాగా తయారైతే, ఆయన వచ్చి మోసుకెళ్ళి, కుట్లు విప్పి, దూదంతా మళ్ళీ ఏకి, కొత్త గుడ్డలో నింపి తెచ్చిచ్చేవాడు. అలా విప్పినప్పుడు పరుపుల్లోంచి ఏమేమి రాలేవో వింటే మీరు నవ్వుతారు. ఉంగరాలు, తాయెత్తులు, మందుబిళ్ళలు, కోడలికి కనపడకుండా అత్త దాచుకున్న నాణేలు, అత్తకు కనపడకుండా కోడలు దాచుకున్నవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పరుపుల్లో పాత నాణేలు వస్తే నాకిప్పించమని వెళ్ళి అడిగాను. ఆయన చేతిలో పని ఆపకుండానే కసిరాడు.

"పరుపులో దొరికింది పరుపుదే అబ్బాయ్. నేను అడగను, వాళ్ళు చెప్పరు. ఎర్రగుడ్డలో ముడేసి ఆ మూలే పెట్టి కుట్టేస్తా. ఇంకెప్పుడూ ఈ మాటెత్తమాక."

వాళ్ళ నాన్న కూడా అలాగే చేసేవాడట. తలగడలో ఏముందో బయట చెప్పే దూదేకులవాడికి రెండో ఇంట్లో పరుపు దొరకదు, అదీ ఆయన లెక్క. ఇలా నాకు ఆ ఒక్క చోటు మూసుకుపోయింది. ఆ తర్వాత నేనెప్పుడూ అడగలేదు.

ఇక ఆ బిళ్ళ సంగతి. ఒక తొలకరి ఆదివారం అమరావతికి ఇవతల ఒక మిరప చేలో నాన్న ముందు, మామయ్య వెనక, నేను గట్టు మీద. నాన్న ఉన్నట్టుండి ఆగిపోయి చెయ్యి చాపి చూపించాడు. ఆయనకి అప్పటికే నడుం నొప్పి, వంగలేడు. మామయ్య వంగి తీసి, పంచె అంచుకు తుడిచి, కళ్ళజోడు పైకెత్తి చూసి, నాన్న చేతిలో పెట్టాడు. గోరంత సీసపు బిళ్ళ మీద రెండు తెరచాప స్తంభాల ఓడ. శాతవాహనుల ఓడ నాణేల బొమ్మలు పుస్తకంలో చూడటమే గాని, చేత్తో పట్టుకోవడం మాలో ఎవరికీ అదే మొదలు. గట్టు మీద అన్నం తింటున్న ఆ చేను గలావిడ చూసి, సీసం బిళ్ళే కదా, పట్టుకెళ్ళండి అంది. మామయ్య మాత్రం సంచిలో తెచ్చుకున్న మామిడిపళ్ళు మొత్తం ఆవిడ కొంగులో పోసి వచ్చాడు.

మాలో ఒక కట్టుబాటు ఉండేది, ఎవరు వంగి తీస్తే నాణెం వాళ్ళది. అందుకని ఓడ బిళ్ళ మామయ్య ఆల్బమ్‌లోకి వెళ్ళింది. నాన్నకు అందులో ఏ బాధా లేదు. కాకపోతే ఆల్బమ్‌లో ఆ పేజీ వచ్చినప్పుడల్లా, కనపడింది నాకు బావా, కాబట్టి ఓడలో సగం నాది అనేవాడు. చుక్కాని నీకిస్తాలే అనేవాడు మామయ్య. ఏళ్ళ పాటు ఇదే మాట, ఇదే నవ్వు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మామయ్య ఇంట్లో మంచం మీద ఆల్బమ్ పరుచుకుని, పక్కన మామయ్య కళ్ళజోడు పెట్టె తెరిచి పెట్టుకుని, ఓడ బిళ్ళ బయటికి తీసి భూతద్దంలో చూస్తూ కూర్చున్నారు ఇద్దరూ. ఆ పూట కూడా నాన్న తన సగం ఓడ అడిగాడు. అత్తయ్య భోజనానికి పిలిస్తే లేచారు. తిన్నాక నాన్న బస్సు వేళయిందని హడావుడిగా వెళ్ళిపోయాడు. సాయంత్రం మామయ్య ఆల్బమ్ సర్దబోతే ఓడ బిళ్ళ గూడు ఖాళీగా ఉంది. ఇల్లంతా బోర్లించారు. అత్తయ్య ఊడ్చిన దుమ్ము కూడా జల్లెడ పట్టింది. లేదు.

రెండు రోజులు ఓపిక పట్టి మామయ్య గుంటూరుకు ఫోన్ చేశాడు. ఆ ఫోను నేను దగ్గరుండి పెట్టించిందే. పొరపాటున నీ జేబులో గాని వచ్చేసిందా బావా అని అడిగాడు. అంతే అడిగాడు, ఇంకో మాట లేదు. నాన్న చొక్కా జేబు, సంచీ, రెండు రుమాళ్ళూ దులిపి చూసి, లేదు బావా అన్నాడు. సరే అని మామయ్య పెట్టేశాడు. ఆ పొరపాటున అన్న మాటను నాన్న ఎన్ని రోజులు నమిలాడో నాకు తెలుసు. ఎదుటివాడిని దొంగ అనకుండా దొంగ అనడానికి మన భాషలో అంతకన్నా మర్యాదైన మాట లేదని ఒకసారి అమ్మతో అన్నాడు.

ఆ తర్వాత గొడవ జరిగిందా అంటే ఏమీ జరగలేదు. అదే బాధ. పెళ్ళిళ్ళలో కనిపిస్తే వానల గురించి, మిర్చి రేటు గురించి మాట్లాడుకునేవాళ్ళు. నాన్న ఆదివారం బస్సు మానేశాడు. ఆయన దగ్గరున్న నాణేల రేకు డబ్బా నాకిచ్చేసి, కళ్ళు ఆనడం లేదురా అన్నాడు. పేపరు మాత్రం కళ్ళద్దాల్లేకుండా చదివేవాడు. నాన్న వస్తే ఆల్బమ్ తీసే అలవాటున్న మామయ్య, నేను వెళ్ళినా తీయడం మానేశాడు. మధ్యలో నలిగింది మా అమ్మే. అన్న దగ్గరికి వెళ్తే మొగుడు దొంగైనట్టు, వెళ్ళకపోతే ఒప్పుకున్నట్టు ఉండేది. ఆవకాయ పెట్టిన రోజున జాడీ నా చేతికిచ్చి పంపేది గాని తను బస్సెక్కేది కాదు. నేను ఆ జాడీలు మోస్తూ, ఖాళీ జాడీలు తెస్తూ, ఇద్దరిళ్ళలోనూ ఫోన్లు పనిచేస్తున్నాయో లేదో అప్పుడప్పుడూ చూసి వస్తూ ఉండేవాణ్ణి. రెండూ బ్రహ్మాండంగా పనిచేసేవి.

అలా చాలా ఏళ్ళే గడిచాయి. ఈలోగా మా వైపు ఫోము పరుపులు వచ్చాయి. అత్తయ్యకు వాటి మీద మోజు పుట్టింది. కొత్తవి కొనేసి, దూదేకుల బాబాయిని పిలిచి, పాత పరుపులూ దిండ్లూ అన్నీ తీసుకెళ్ళిపొమ్మంది. ఆ మర్నాడే బాబాయి నేను పనిచేసే ఎక్స్చేంజి దగ్గరికి వచ్చి, నన్ను పక్కనున్న టీకొట్టు వెనక్కి తీసుకెళ్ళాడు. అంత నామోషీగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. చొక్కా లోపల జేబులోంచి ఎర్రగుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే ఓడ బిళ్ళ.

"మాస్టారి దిండులోది. కిందటిసారి దూది ఏకినప్పుడూ ఇది ఉంది, ముడేసి మళ్ళీ కుట్టేశా. అంతకు ముందుసారి లేదు. ఆయనే పెట్టుకున్నాడు అబ్బాయ్, కుట్టు చూస్తే తెలవట్లా, మగోడి కుట్టు. ఇప్పుడు కుడదామంటే దిండే లేకపోయె. ఆ ఫోములో ఏడ పెట్టను. అమ్మగారికిద్దామంటే ఆవిడికి తెలవకుండా పెట్టుకున్నాడాయె. నువ్వే చెప్పు."

చల్లారిన టీ పక్కన పెట్టి లెక్క వేసుకున్నాను. బిళ్ళ పోయాకే, అంటే నాన్నను ఆ మాట అడిగాకే, ఎప్పుడో ఎక్కడో అది మామయ్యకు దొరికింది. దొరికినప్పుడు దాన్ని ఆల్బమ్‌లో పెట్టలేకపోయాడు, పెడితే ఎవరో ఒకరు చూస్తారు, నాన్నకు చెబుతారు. పారేయలేకపోయాడు, పారేసే మనిషి కాదు. అందుకని ఇంట్లో అత్తయ్య చెయ్యి వెళ్ళని ఒకే ఒక్క చోట, తన తల కింద, తనే సూదీ దారం పట్టుకుని కుట్టుకున్నాడు. నోరు తెరిచి నింద వేసి ఉంటే, నోరు తెరిచి వెనక్కి తీసుకునేవాడేమో. వేసింది పొరపాటున అన్న ఒక్క మాట కాబట్టి దాన్ని వెనక్కి తీసుకునే దారి ఆయనకు కనపడలేదు. నాకు మొదట వచ్చింది కోపమే. మా అమ్మ పంపిన జాడీలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. తర్వాత, రోజూ రాత్రి ఆ దిండు మీద తల పెట్టుకుని ఆయనకెలా నిద్రపట్టేదో అనిపించి, ఆ కోపం నిలవలేదు.

బిళ్ళ బాబాయి దగ్గరే ఉంచమని, సాయంత్రం బస్సుకు గుంటూరు వెళ్ళి నాన్నకు చెప్పాను. వాకిట్లో కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. తుమ్మాడు, ముక్కు తుడుచుకున్నాడు. నా ఊహ ప్రకారం ఆయన వెంటనే లేచి, దీన్ని పదిమందిలో తేల్చుకుందాం పద అనాలి. అనే హక్కు ఉంది. ఆయన మాత్రం చాలాసేపు ఆలోచించి, బాబాయినే తీసుకెళ్ళి మీ మామయ్య చేతికిమ్మను, మనకు తెలిసినట్టు చెప్పొద్దను అన్నాడు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి, ఆదివారం మొదటి బస్సు ఇంకా అదే వేళకు ఉందా అని అమ్మను అడిగాడు. ఉందని చెప్పి అమ్మ తను కూడా చీర తీసి పెట్టుకుంది.

బాబాయి నేను చెప్పినట్టే చేశాడు. మాస్టారూ, ఇది మీ దిండుది, కుట్టడానికి చోటు లేక తెచ్చానని చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేశాడట.

ఆదివారం మేము ముగ్గురం వెళ్ళేసరికి మామయ్య వసారాలో ఉన్నాడు. నాన్నను చూసి లేచి నిలబడి, రా బావా అన్నాడు. అత్తయ్య అమ్మను పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది, అక్కడ ఇద్దరూ ఏడ్చుకున్నట్టున్నారు, చాలాసేపు కాఫీ రాలేదు. బయట వీళ్ళిద్దరూ తొలకరి ఆలస్యమైందని, పత్తి విత్తనం ఇంకా ఎవరూ పెట్టలేదని, లేనిపోని మాటలన్నీ మాట్లాడారు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, ఏదీ ఆల్బమ్ తియ్యి బావా అన్నాడు నాన్న, నిన్న కూడా చూసినవాడిలా.

మామయ్య నా వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి తెచ్చి, నాన్న ఒళ్ళో పెట్టాడు. నాన్న మొదటి నుంచి ఒక్కో పేజీ తిప్పుతున్నాడు. నేను పక్కన నిలబడి ఉన్నాను. సీసపు నాణేల పేజీ వచ్చింది. ఓడ బిళ్ళ దాని గూట్లోనే ఉంది. పెట్టకుండా ఉండవచ్చు, ఆల్బమే తీయకుండా ఉండవచ్చు, బాబాయి తప్ప సాక్షి లేడు, ఆయన చెప్పడు. అయినా పెట్టాడు.

నాన్న ఆ పేజీ దగ్గర ఆగాడు. సగం ఓడ అడగలేదు. కొత్త నాణెం చూసినప్పుడు అడిగే మాటే అడిగాడు.

"ఇదెక్కడ దొరికింది బావా?"

నిజం చెప్పొద్దూ, మామయ్య పిడుగురాళ్ళ అంటాడనే అనుకున్నాను. అది కూడా తప్పు కాదు, ముగ్గురం నవ్వేసి ఊరుకునేవాళ్ళం, ఆ మాట మీదే రోజులు గడిచిపోయేవి. మామయ్య కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని కాసేపు దానివైపే చూశాడు.

"ఈ కళ్ళజోడు పెట్టెలో బావా. అడుగున ముఖమల్ గుడ్డ ఊడితే, దాని కింద కనపడింది. నీకు ఫోన్ చేశాక ఏడాదికి."

ఆ ఏడాదికి అన్న మాట ఎవరూ అడగకుండానే చెప్పాడు, అదే అన్నిటికన్నా కష్టమైన మాట. నాన్న బిళ్ళ మీద వేలు పెట్టాడు.

"మంచి చోటే. మనం అక్కడెప్పుడూ వెతకలా," అని పేజీ తిప్పాడు.

ఇంకెప్పుడూ వాళ్ళ మధ్య ఆ సంగతి రాలేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ తర్వాత ఆదివారాలన్నీ మళ్ళీ నేను వెనక లూనా మీద ఉన్నాను. నాన్న పోయినప్పుడు మామయ్యే అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. పెద్దకర్మ అయ్యాక వెళ్ళబోతూ నా అరచేయి తెరిచి ఓడ బిళ్ళ పెట్టి వేళ్ళు మూసి, వంగి తీసింది నేనే గానీ, చూసింది మీ నాన్నే రా అన్నాడు. ఆ మాటకు నేను ఏడ్చినంతగా, అంతకుముందు పది రోజుల్లో ఏడవలేదు.

ఇప్పుడు మామయ్యా లేడు. మేము తిరిగిన చేలల్లో చాలావాటిని ప్లాట్లు చేసి రాళ్ళు పాతి నంబర్లు వేశారు, వాన పడితే నీళ్ళు నిలబడటమే గాని ఏదీ పైకి తేలదు. నేను లాగిన లైన్లన్నీ ఎవరో చుట్టచుట్టి రాగి కోసం తూకానికి అమ్ముకున్నారు, బహుశా ఆ పాత ఇత్తడి కొట్లకే చేరి ఉంటాయి. దూదేకుల బాబాయి కొడుకులు ఫోము పరుపుల షాపు పెట్టారు, బాగా నడుస్తోంది. వాటిలో ఏదీ దాచుకునే వీలు లేదు, విప్పి చూసేవాళ్ళూ లేరు. నాణేలు మాత్రం అప్పటికన్నా ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి, ఇంట్లో కూర్చుంటే గుమ్మంలోకి వస్తున్నాయి, చీటీలతో సహా.

ఎప్పుడైనా ఈ పిచ్చి ఉన్న కుర్రవాళ్ళు వెతుక్కుంటూ మా ఇంటికి వస్తారు. ఓడ బిళ్ళ చూసి కళ్ళు పెద్దవి చేసి, పాత మర్యాద తెలిసినవాళ్ళయితే, ఎక్కడ దొరికింది సార్ అని అడుగుతారు. మొదట మిరప చేలో, తర్వాత కళ్ళజోడు పెట్టెలో, ఆ తర్వాత దిండులో అని ఉన్నది ఉన్నట్టు చెబుతాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు, ముసలాయన చోటు దాస్తున్నాడని. ఆ ఒక్క నిజం పైకి చెప్పడానికి మా మామయ్యకు అన్నేళ్ళు పట్టింది. నేను అడిగినవాళ్ళందరికీ ఇట్టే చెప్పేస్తున్నాను, నమ్మేవాళ్ళే లేరు.